తొంభై సెకన్ల ఖాళీ

ఆమేన్ రాలేదు.

టేపు తిరుగుతూనే ఉంది. రెండు చక్రాలూ నా కళ్ల ముందే తిరుగుతున్నాయి. గోడ గడియారంలో సెకన్ల ముల్లు ఒక చుట్టు పూర్తి చేసి రెండో చుట్టులో పడింది. మైకు పక్కన ఎర్రదీపం వెలుగుతోంది. అంటే నేను దగ్గినా ఊరంతా వింటుంది. కదలకుండా కూర్చున్నాను... ఆమేన్ రాలేదు.

ఇది నాకు జరిగింది. ఎవరో చెబితే విన్నది కాదు. ముప్పై ఏళ్లు పత్రికల్లో పనిచేశాను. రెండు వైపులా అడగకుండా ఒక్క వార్త కూడా వదల్లేదు. దెయ్యం కథ పట్టుకొచ్చిన కుర్ర విలేకరులను "ఎవరు చూశారు, ఎన్ని గంటలకు, ఇంకెవరు ఉన్నారు" అని మూడు ప్రశ్నలతో వెనక్కి పంపినవాణ్ని. ఆ మూడు ప్రశ్నలూ ఇప్పుడు నన్ను నేనే వేసుకుంటున్నాను. నమ్మమని మిమ్మల్ని బతిమాలను. ఎక్కడైనా నాకు తెలియకపోతే తెలియదనే చెబుతాను.

ముందు ఆ ఆమేన్ సంగతి చెప్పాలి.

నేను పనిచేసిన పత్రిక మూతపడ్డాక రంగూన్‌లో, అంటే ఇప్పటి యాంగోన్‌లో, లత అనే పేటలోని ఒక ఎఫ్.ఎం. స్టేషన్‌లో చేరాను. పాత పాటల స్టేషన్. బర్మీస్ పాతవి, ఇంగ్లీషు పాతవి, శనివారం రాత్రి ఒక అరగంట హిందీ, తమిళం, తెలుగు పాతవి. పాటకీ పాటకీ మధ్య నొప్పుల తైలం, కాఫీపొడి, బంగారు దుకాణాల ప్రకటనలు. పూర్తి వ్యాపారం. కానీ అది పుట్టింది వ్యాపారంగా కాదు. ఆ మూడంతస్తుల ఇటుక భవనంలో ఒకప్పుడు క్రైస్తవ మిషన్ వాళ్ల రికార్డింగు గది ఉండేది. కీర్తనలు, ప్రసంగాలు క్యాసెట్లు చేసి పల్లెలకు పంపేవారు. ఆ గదిని నడిపిన కరెన్ జాతి పాస్టరుగారిని అందరూ సయాజీ అనేవారు. సయా అంటే గురువుగారు, సయాజీ అంటే పెద్ద గురువుగారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. కింది అంతస్తులోని ప్రార్థన గది ఇప్పుడు ప్రకటనల విభాగం. ఆ గదిలోని పొడవాటి చెక్క బల్లలు రెండు మా స్టూడియో బయట నడవలో ఉన్నాయి. వచ్చినవాళ్లు వాటి మీదే కూర్చుంటారు.

భవనాన్ని కొత్తవాళ్లకు అప్పగించేటప్పుడు మిషన్ పెద్దలు ఒక్క షరతు పెట్టారు. రాత్రి ప్రసారం ముగిసే ముందు సయాజీ ప్రార్థన వేయాలి. అంతే.

ఆ ప్రార్థన ఒక పెద్ద చక్రాల టేపు మీద ఉంది. సయాజీ గొంతు బర్మీస్‌లో నెమ్మదిగా మొదలవుతుంది. "ఈ రోజు ముగిసింది. ఇప్పుడు ఈ పేర్లను దేవుని చేతుల్లో పెడదాం" అంటాడు. ఆ తర్వాత టేపు ఖాళీ. తొంభై సెకన్లు. ఆ ఖాళీలో ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషి జబ్బుపడ్డవాళ్ల పేర్లు, ఆపదలో ఉన్నవాళ్ల పేర్లు మైకులో చదవాలి. ఖాళీ చివర సయాజీ ఒక ఊపిరి తీసుకుంటాడు. బాగా వినిపిస్తుంది అది. తర్వాత "ఆమేన్" అంటాడు. ఆ ఊపిరి వినపడేలోపు పేర్లు అయిపోవాలి. కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటి రాత్రి ఆ ఆమేన్ మీదికి ఒక పేరు తోసేస్తాడు. నేనూ తోశాను.

కంప్యూటర్లోకి ఎక్కించిన కాపీ ఒకటుంది. కానీ యాంగోన్‌లో కరెంటు ఎప్పుడుంటుందో ఎప్పుడు పోతుందో మీకు తెలియనిది కాదు. మధ్యలో కంప్యూటర్ ఆగి మళ్లీ లేచేసరికి ప్రార్థన సగంలో తెగిపోయేది. అందుకని బ్యాటరీ మీద నడిచే ఆ పాత యంత్రాన్నే వాడుతున్నాం.

ఒకసారి ప్రకటనల విభాగం అమ్మాయి మీటింగులో నిజంగానే అడిగింది. "సయా, ఆ తొంభై సెకన్లకు ఎవరినైనా స్పాన్సరుగా పెట్టుకోవచ్చు కదా?"

"ఈ మౌనాన్ని మీకు అందిస్తున్నవారు ఫలానా నొప్పుల తైలం... అంటావా?" అన్నాడు మా ఇంజినీరు కో టిన్. అందరం నవ్వాం. ఆ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మెట్ల దగ్గర గోడకు ఒక చెక్కపెట్టె ఉంది. పాట కావాలంటే నీలం చీటీ, ప్రార్థన కావాలంటే తెల్ల చీటీ. ఈ తెల్ల చీటీలకు సయాజీ పెట్టిన నియమాలు రెండు. చచ్చిపోయినవాళ్ల పేర్లు చదవరు. ఆయన సంఘంలో చనిపోయినవాళ్ల కోసం ప్రార్థన చేసే ఆచారం లేదు. రెండోది, పేరు ఇచ్చిన మనిషే వచ్చి తీయమనాలి. మరొకరు చెబితే తీయకూడదు. ఎందుకు పెట్టాడో ఎవరికీ గుర్తులేదు. అందరం పాటిస్తాం.

మొదటి నియమం వల్ల మావాళ్లలో ఒక నమ్మకం పుట్టింది. మావాళ్లంటే ఈ నగరంలోనే మరో పేట, పజుండౌంగ్‌లో ఉన్న తెలుగువాళ్లు. ఓడరేవు పనికి విశాఖ నుంచి, శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ల మనవలు, మునిమనవలు. నేనూ వాళ్లలో వాణ్నే. గుడికి వెళ్లే హిందువులు. అయినా రాత్రి పదకొండు కావస్తుండగానే రేడియో దగ్గర చేరతారు. జాబితాలో పేరు చదివారంటే మనిషి బతికి ఉన్నట్టు. చదవలేదంటే...

సింహాచలమ్మ అందుకే వచ్చేది.

ఆమెకు అరవై దాటాయి. బర్మీస్ వాళ్లు పిలిచే పేరు డా మ్యా. తెల్లవారుజామునే ఉడికించిన బఠాణీలు గంపలో పెట్టుకుని పజుండౌంగ్ వీధుల్లో అమ్ముతుంది. ప్రతి శుక్రవారం మధ్యాహ్నం మోకాళ్లు పట్టుకుని మూడంతస్తులూ ఎక్కి చెక్కబల్ల మీద కూలబడేది. చేతిలో ఒక పొట్లం బఠాణీలు, ఒక తెల్ల చీటీ.

"అమ్మా, ఒకసారి ఇచ్చావు కదా. ప్రతి వారం కొత్త చీటీ అక్కర్లేదు" అని ఎన్నోసార్లు చెప్పాను.

"పాతబడిపోద్ది బాబూ. పేరు తాజాగుండాల," అనేది. "రెండు పేర్లూ సదవాల. ఒక్కటి సదివితే దేవుడికి ఏ మడిసో తెలవదు."

చీటీ మీద ఉండే పేరు అప్పారావు అనే కో తాన్; మొదటిది తెలుగు పేరు, రెండోది బర్మీస్ పేరు. ఆమె తమ్ముడు. తల్లి పోయాక ఈమే పెంచింది. ట్వంటే అనే ఊరి నుంచి కాలవ మీదుగా కుండలు తెచ్చే సరుకు పడవ మీద పనిచేసేవాడు. వానకాలంలో ఒక సాయంత్రం, నదిలోకి తిరిగే చోట పెద్ద ఓడ లేపిన అలకు పడవ బోల్తా కొట్టింది. ముగ్గురు మనుషులు. ఇద్దరు దొరికారు, ప్రాణం లేకుండా. పడవ దొరికింది. పగలని కుండలు కొన్ని దొరికాయి. అప్పారావు దొరకలేదు.

పదకొండు నెలలు. మా జాబితాలో అతని పేరు మూడోది.

ఆ శనివారం సాయంత్రం ఆరు దాటాక గౌరి వచ్చింది. అప్పారావు భార్య. బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని. వానలో తడిసిపోయి ఉంది. బల్ల మీద కూర్చోమంటే కూర్చోలేదు.

"మావయ్యా, ఒక మాట అడగాలని వొచ్చినాను. మీరు కోప్పడకూడదు."

"ఏటమ్మా?"

"ఆ పేరు తీసీండి."

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆమె గోడ వైపు చూస్తూ చెప్పింది.

"రేపు పొద్దున్న కాలవ గట్టున కర్మ సేయిస్తన్నాం. దర్బతో బొమ్మ కట్టి, దహనం సేసి, పిండాలు పెట్టించీడమే. అయ్యవారికి సెప్పీసినాం. ఆయన సిన్నాన్న కొడుకు కూకుంటాడు. వొదినకి తెలీదు."

"తెలియకుండా ఎలాగమ్మా? సొంత అక్క."

"తెలిస్తే జరగనిత్తాదేటి?" ఆమె గొంతు పెరిగింది. మళ్లీ తనే తగ్గించుకుంది. "బొట్టు ఎట్టుకుంటే వీదంతా నవ్వుతాది మావయ్యా. తీసీస్తే వొదిన కొడతాది. పదకొండు నెల్లు. అద్దం దగ్గరికెళ్లడమే మానీసినాను."

అప్పుడు చూశాను. నుదుటి మీద బొట్టు ఉందో లేదో తెలియడం లేదు. వానకు కరిగిందో, తనే తుడిచిందో... ఒక చిన్న ఎర్రమరక మాత్రం ఉంది.

నియమం చెప్పాను. పేరు ఇచ్చింది సింహాచలమ్మ. ఆమే తీయమనాలి.

"నాను పెళ్లాన్ని కానేటి?" అంది గౌరి. "ఈ రేత్రి మీరు సదివితే రేపు నానక్కడ ఎలగ కూకోను? రేత్రి రేడియోలో బతికున్నోడికి పొద్దున్నే పిండం పెట్టమంటారా?"

 

పేర్ల కార్డు తీసి, మూడో పేరు మీద పెన్సిల్‌తో అడ్డంగా గీత గీశాను. ఆమె ఎదురుగానే. ఆ గీత చూసి గౌరి ఏడవలేదు. చీర కొంగు పిండుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆమె నిలబడ్డ చోట నేల మీద నీళ్లు చాలాసేపు ఆరలేదు.

రాత్రి తొమ్మిదికి వాన ఆగింది. పదింటికి కరెంటు పోయింది. కో టిన్ డాబా మీది ట్రాన్స్‌మిటర్ గది నుంచి ఇంటర్‌కమ్‌లో పలికాడు.

"సయా, ఈ రాత్రి దేవుడు కూడా జనరేటర్ మీదే."

"డీజిల్ ఉందా?"

"ఆమేన్ వరకు ఉంది."

రోజూ వేసే జోకే. భవనంలో మేమిద్దరమే. ఆ వేళకు కింద వీధి ఖాళీ అయిపోతుంది. బస్సులుండవు. రాత్రి డ్యూటీవాళ్లం పొద్దుటి దాకా అక్కడే పడుకుంటాం. అరగంట హిందీ, తమిళం, తెలుగు పాటలు వేశాను. పజుండౌంగ్‌లో సింహాచలమ్మ వింటూ ఉంటుందని తెలుసు. గౌరి కూడా వింటూ ఉంటుందని తెలుసు. ఒకే ఇల్లు. మధ్యలో ఒక చెక్క గోడ. రెండు రేడియోలు.

పదకొండుకు రెండు నిమిషాలు తక్కువ ఉండగా తైలం ప్రకటన అయింది. యంత్రం మీట నొక్కాను. చక్రాలు కదిలాయి. సయాజీ గొంతు వచ్చింది.

"...ఇప్పుడు ఈ పేర్లను దేవుని చేతుల్లో పెడదాం."

మైకు తెరిచాను. ఎర్రదీపం.

మొదటి పేరు చదివాను. రెండోది చదివాను. మూడో దాని దగ్గర... గీత. నా చూపు ఒక్క క్షణం దాని మీద ఆగింది. నాలుగోదానికి వెళ్లాను. అయిదు. ఆరు. ఏడు. అయిపోయాయి. ఒక పేరు తగ్గింది కాబట్టి చివర్లో ఇంకాస్త ఖాళీ మిగలాలి. పది సెకన్లు... పోనీ పదిహేను. గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను.

పదిహేను గడిచింది.

ముప్పై గడిచింది.

చెవులకు హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. ఖాళీ టేపుకు ఒక చప్పుడుంటుంది. సన్నగా, ఇసుక రాలుతున్నట్టు. అది వస్తోంది. అంటే టేపు ఆగలేదు. చక్రాల వంక చూశాను. ఎడమది తిరుగుతోంది. కుడిది తిరుగుతోంది. వేగం తగ్గిందా? తగ్గినట్టు లేదు. ఎడమ చక్రం మీద టేపు మందం కూడా ఇందాక ఉన్నంతే ఉంది. తగ్గాలి కదా అనుకున్నాను.

నిమిషం గడిచింది.

ఇంటర్‌కమ్ నొక్కి కో టిన్‌ను అడగాలి. కానీ మైకు తెరిచి ఉంది. మాట్లాడితే ప్రసారంలోకి వెళ్తుంది. మైకు మూసేయొచ్చు. చేయి మీట దాకా వెళ్లింది. మూస్తే ఇక ఆ మైకు తెరుచుకోదని ఎందుకో అనిపించింది. ఎందుకని అడిగితే చెప్పలేను. చేయి వెనక్కి తీసుకున్నాను.

అప్పుడు వినిపించింది.

టప్...

కాసేపటికి మళ్లీ... టప్...

పైకప్పు కారుతోంది అనుకున్నాను. తల ఎత్తి చూశాను. కారడం లేదు. హెడ్‌ఫోన్స్ ఒక చెవి నుంచి తీశాను. గదిలో ఆ చప్పుడు లేదు. మళ్లీ పెట్టుకున్నాను. ఉంది. టప్... టప్... బొట్టు పడే చప్పుడు కాదు అది. నీళ్లు వచ్చి చెక్కకు మెల్లగా తగిలి వెనక్కి పోయే చప్పుడు. కట్టేసిన పడవ పక్కన కూర్చున్నవాళ్లకు తెలుస్తుంది. చిన్నప్పుడు పజుండౌంగ్ కాలవ దగ్గర రోజూ విన్నదే.

ఆ టేపును నేను ఎన్ని వందల రాత్రులు విన్నానో. అందులో ఆ చప్పుడు లేదు.

రెండు నిమిషాలు దాటింది.  

అప్పుడు... సయాజీ ఊపిరి తీసుకున్నాడు.

హమ్మయ్య అనుకున్నాను. ప్రతి రాత్రీ వినే ఊపిరే. ముసలాయన ముక్కుతో తీసే పొడవాటి ఊపిరి. దాని వెంటే ఆమేన్. రెంటికీ మధ్య కన్నుమూసి తెరిచేంత సమయం.

రాలేదు.

ఊపిరి తీసుకున్నాడు... వదల్లేదు.

ఇదెలా చెప్పాలో నాకు తెలియదు. ఖాళీ వేరు, ఒక మనిషి ఊపిరి బిగబట్టి ఎదురుచూడటం వేరు. ఎదుటి మనిషి నోరు తెరిచి, మనం మాట పూర్తి చేస్తామని ఆగినప్పుడు ఉండే నిశ్శబ్దం అది. మర్యాదగా ఆగాడు. తొందరపెట్టడం లేదు. నేను కార్డు వైపు చూడకూడదనుకున్నాను. చూశాను. గీత కింద పేరు స్పష్టంగా కనిపిస్తోంది. పెన్సిల్ గీతే కదా.

గౌరి గుర్తొచ్చింది. రేపు నానక్కడ ఎలగ కూకోను అన్న మాట గుర్తొచ్చింది. చదివితే ఆమెకు ద్రోహం. అది తెలిసే కూర్చున్నాను. గడియారం తిరుగుతోంది. చెవుల్లో ఆ ఊపిరి అలాగే నిలిచి ఉంది. నా ఊపిరి కూడా ఆగిపోతోందని అప్పుడు తెలిసింది. 

లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలియదు. మైకు మీదికి వంగాను. నా గొంతు నాకే గుర్తుపట్టలేనంత బొంగురుగా వచ్చింది.

"అప్పారావు అనే కో తాన్... పజుండౌంగ్."

"ఆమేన్," అన్నాడు సయాజీ.

వెంటనే. నా చివరి అక్షరం మీదే. టేపు అయిపోయి కొస టపటపా కొట్టుకోసాగింది.

గడియారం పదకొండూ నాలుగు. డ్యూటీ పుస్తకంలో అదే రాశాను. అంకెలు వంకరగా పడ్డాయి. ఆ పేజీ ఇప్పటికీ ఉంది.

కో టిన్ టార్చి పట్టుకుని కిందికి దిగొచ్చాడు.

"ఏంటి సయా, నాలుగు నిమిషాలు ఎక్కువ లాగారు? ఆమేన్ వస్తే ట్రాన్స్‌మిటర్ కట్టేద్దామని చెయ్యి పెట్టుకుని నిలబడ్డా. డీజిల్ అయిపోతుందని గుండె కొట్టుకుంది."

"నువ్వు వింటున్నావా?"

"స్పీకర్ చిన్నగా పెట్టుకున్నా. జనరేటర్ మోతలో ఆమేన్ ఒక్కటే వినపడింది."

జరిగింది చెప్పాను. అతను యంత్రం తెరిచాడు. టార్చి వేసి, బెల్టు వేలితో లాగి చూశాడు.

"బ్యాటరీ దిగిపోయి మోటారు నెమ్మదించి ఉంటుంది."

"నెమ్మదిస్తే గొంతు కూడా సాగాలి కదా. ఆమేన్ మామూలుగానే వచ్చింది."

కో టిన్ బ్యాటరీకి మీటరు పెట్టాడు. నిండుగా ఉంది. మీటరు జేబులో వేసుకుని, "ఇవాళ నేను కూడా ఇక్కడే పడుకుంటా సయా" అన్నాడు. డాబా మీద అతనికి మంచం ఉంది. అయినా నడవలో రెండో బల్ల మీద పడుకున్నాడు. ఇద్దరం నిద్రపోలేదు. ఒకరికొకరం నిద్రపోతున్నట్టు నటించాం.

తెల్లవారగానే పజుండౌంగ్‌కు మొదటి బస్సు ఎక్కాను. గౌరికి క్షమాపణ చెప్పాలి. ఏమని చెప్పాలో దారంతా వెతికాను.

కాలవ గట్టున నలుగురైదుగురు ఉన్నారు. అయ్యవారు ఒక రాయి మీద కూర్చుని గడియారం చూసుకుంటున్నాడు. దర్భలతో కట్టిన బొమ్మ అరిటాకు మీద ఉంది. దాని పక్కన గౌరి కూర్చుని ఉంది.

"మొదలెట్టనివ్వడం లేదండి," అన్నాడు అయ్యవారు నాతో. "గంట నుంచీ ఇలాగే."

గౌరి తల ఎత్తింది. కోపం లేదు ఆ ముఖంలో. కోపం ఉంటే బాగుండేది.

"సదివీసినారు కదా మావయ్యా."

"క్షమించమ్మా. చదవకూడదనే అనుకున్నాను. చివర్లో..."

"సివరేటి?" అంది. "మూడోదే సదివినారు. ఎప్పట్లాగే."



"బాగా గుర్తు తెచ్చుకో అమ్మా. ఆరు పేర్లు అయ్యాక చాలాసేపు చప్పుడు లేకుండా ఉంది. తర్వాత ఆ పేరు..."

"నాను వేలు మడిసి లెక్కెట్టుకుంటన్నాను మావయ్యా. ఒకటి, రెండు, మూడు. మూడోది వొచ్చీసింది. మరి నాను రేడియో కట్టీబోయాను. సెయ్యి ఆడలేదు. ఏడూ అయిపోయినాయి. టక్కున ఆమేన్ అన్నాడు ముసలాయన."

నేను ఇంకేదో అడగబోతుండగా వెనక నుంచి ఒక నీడ పడింది. సింహాచలమ్మ. తల మీద బఠాణీల గంప. ఇదంతా ఆమెకు ఎవరు చెప్పారో తెలియదు. అరిటాకు మీద బొమ్మను చూసింది. గౌరిని చూసింది. కేకలు పెడుతుందని అందరం కాచుకున్నాం. గంప దింపుకుంది. మోకాలు పట్టుకుని గౌరి పక్కనే మట్టిలో కూర్చుంది.

"బాబూ," అంది నన్ను చూడకుండా. "నా తమ్ముడి పేరు కొట్టీసినావా?"

"కొట్టేశానమ్మా."

"మరి సదివినావు."

"చదివాను."

"అదేటి మరి?"

 ఆమె కాలవ వైపు చూస్తూ ఉంది. తర్వాత గౌరి చేతిలో ఒక గుప్పెడు బఠాణీలు పోసి, "రేత్రి ఏటీ తినలేదు నువ్వు. గోడవతల నాకు తెలీదనుకున్నావేటి?" అంది. గౌరి అప్పుడు ఏడ్చింది. అయ్యవారు సంచి సర్దుకున్నాడు. దర్భబొమ్మను ఏం చేయాలో ఎవరికీ తెలియలేదు. విప్పమంటే విప్పకూడదన్నాడు, కాల్చాలంటే కర్మ చేయాలన్నాడు. చివరికి గౌరి దాన్ని తన భోజనం సంచిలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్లింది. ఇప్పటికీ ఆ ఇంట్లో అటక మీద ఉంది.

ప్రసారమైన ప్రతి మాటా మా కంప్యూటర్లో రికార్డవుతుంది. కొన్నాళ్లు దాచి ఉంచాలన్నది నిబంధన. సోమవారం కో టిన్, నేను తలుపు వేసుకుని ఆ రాత్రిది విన్నాం.

సయాజీ గొంతు. ఖాళీ. నా గొంతు. మొదటి పేరు. రెండో పేరు. మూడోది... అప్పారావు అనే కో తాన్, పజుండౌంగ్. నింపాదిగా, ఎప్పుడూ చదివినట్టే. నాలుగు, అయిదు, ఆరు, ఏడు. ఊపిరి. ఆమేన్. కో టిన్ స్టాప్‌వాచ్ పట్టాడు. ఖాళీ తొంభై సెకన్లు. పడవ చప్పుడు లేదు. నా బొంగురు గొంతు లేదు. ప్రసారం ముగిసిన సమయం పదకొండు దాటి పద్నాలుగు సెకన్లు.

"కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ గడియారం తప్పి ఉంటుంది," అన్నాడు కో టిన్.

"గడియారం తప్పొచ్చు. మరి ఖాళీ?"

అతను తన ట్రాన్స్‌మిటర్ పుస్తకం తెరిచి నా ముందు పెట్టాడు. అతని రాతలోనూ పదకొండూ నాలుగే. ఆ మూడో పేరు పలికిన గొంతు నాదే. నా యాస, నా ఆగడం. కానీ ఆ పేరును ఆ రాత్రి నేను ఆ చోట పలకలేదు. ఇది మాత్రం ప్రమాణం చేసి చెబుతాను.

పత్రికలో ఉంటే ఈ వార్త ఆపేసేవాణ్ని. ఇద్దరు మనుషులు రాసుకున్నది ఒకటి చెబుతోంది. యంత్రం మరొకటి చెబుతోంది. విన్నవాళ్లు యంత్రం వైపు ఉన్నారు. అలసిపోయిన ముసలివాడు మనసు ఒప్పక కల కన్నాడని అనుకోవచ్చు. నేనూ చాలా రాత్రులు అలాగే అనుకుని పడుకున్నాను. అప్పుడు కో టిన్ పుస్తకం గుర్తొస్తుంది.

మళ్లీ వానలు మొదలయ్యాయి. సింహాచలమ్మ మోకాళ్లు పూర్తిగా పట్టేశాయి. మెట్లెక్కలేకపోతోంది. శుక్రవారం చీటీ ఇప్పుడు గౌరి తెస్తోంది. నియమం ప్రకారం చీటీ తెచ్చేది ఆమే కాబట్టి, పేరు తీయమనే హక్కు ఇప్పుడు ఆమెదే. ఆ మాట ఆమెకు చెప్పాను కూడా. విని తల ఊపింది. చీటీ పెట్టెలో వేసి వెళ్లిపోయింది.

కార్డు మీద నా పెన్సిల్ గీత అలాగే ఉంది. చెరపడానికి చేయి రాలేదు. గీత మీదుగానే చదువుతున్నాను. అప్పారావు శవం దొరకలేదు. మనిషీ దొరకలేదు. అతని పేరు మూడోది.